రెండు ఆఫీసుల మధ్య బావి

మా మేనత్తకు కోపం ఎక్కువని వీధంతా చెప్పుకుంటారు. నేనొప్పుకోను. ఆమెకు ఉండాల్సినంతే ఉంది, మిగతావాళ్ళకే చాలినంత లేదు. ఉండి ఉంటే ఆ బావి గొడవ అన్నాళ్ళు సాగేది కాదు, నేనిప్పుడు పళ్ళు నూరుకుంటూ ఇది రాసేదాన్నీ కాదు.

ఆమెను అందరూ గంజి అత్త అంటారు. లాండ్రీ పెట్టుకుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది సగమే నిజం. మనిషి కూడా గంజి పెట్టి ఎండలో ఆరేసిన గుడ్డలాగే ఉంటుంది. ఎవరి ముందూ వంగదు. బలవంతాన మడత పెట్టబోతే చప్పుడు చేస్తుంది.

ప్రసూతి ఆసుపత్రి వెనక గోడను ఆనుకొని ఒక ఇరుకు సందు ఉంది. సందు చివర రేకుల షెడ్డు మా లాండ్రీ. లోపల వరసగా సిమెంటు తొట్లు, మూలన బట్టలు ఉడకబెట్టే బాయిలరు, కిటికీ పక్కన నేను నిలబడే ఇస్త్రీ బల్ల. షెడ్డు వెనక బావి, బావి వెనక దండేలు, దండేల వెనక కాలువ. ఆ కాలువ రైలు వంతెన కిందుగా వెళ్ళి నదిలో కలుస్తుంది. ఈ వరస కాస్త గుర్తుంచుకోండి, రోగమంతా ఆ వరసలోనే ఉంది. బావిని మామయ్య బతికున్నప్పుడు తవ్వించాడు. ఆయన పోయాక కొడుకు బస్సు డ్రైవరు ఉద్యోగం చూసుకున్నాడు, లాండ్రీ అత్త చేతికొచ్చింది, అత్త పక్కన నేను చేరాను.

ఆసుపత్రి నుంచి రెండు రకాల మూటలు వచ్చేవి. ఒకదాంట్లో మంచాల దుప్పట్లు, రెండోదాంట్లో అప్పుడే పుట్టిన పిల్లలను చుట్టే మెత్తని గుడ్డలు. దుప్పట్లు ఎవరు ఉతికినా అత్త ఊరుకునేది గానీ ఆ చంటిగుడ్డల మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. ఉడకబెట్టి, ఉతికి, జాడించి, మళ్ళీ జాడించి, చివరి నీళ్ళు దోసిట్లోకి తీసుకొని నోట్లో పోసుకునేది. నాలుక మీద జారితే సబ్బు మిగిలిందన్నమాట, పని మళ్ళీ మొదటికి. ఏమీ అనిపించకపోతే పక్కకు ఉమ్మేసి, అప్పుడు మాత్రం నన్ను పిలిచి గుడ్డలు పిండమనేది. కొత్తగా పనికి చేరినవాళ్ళు ఇది చూసి ముక్కు మూసుకునేవాళ్ళు. అత్త పట్టించుకునేది కాదు. పిల్ల భూమ్మీద పడగానే ఒంటికి తగిలే మొదటి గుడ్డ నేనుతికిందే అని ఆమెకు గర్వం. ఆ గర్వానికి ఆమె అన్ని విధాలా తగినది.

కాలువకు ఎగువన ఒక అద్దకం మిల్లు ఉంది. చాలాకాలం అది తన పనేదో తాను చేసుకుంటూ పడి ఉండేది. తర్వాత చేతులు మారింది, కొత్త షెడ్లు లేచాయి, కాలువలోకి ఒక లావుపాటి పైపు దిగింది. అప్పటినుంచి కాలువ ఒకనాడు నీలంగా, ఒకనాడు దానిమ్మ గింజల రంగులో పారేది. సందులో ఖాళీగా కూర్చున్నవాళ్ళు రేపటి రంగేమిటని పందేలు కాసేవాళ్ళు. అందరికీ అది నవ్వులాటే.

బావిలో మాత్రం రంగు కనిపించలేదు. కనిపించినా బాగుండేది, గుడ్డివాడైనా నమ్మేవాడు. నీళ్ళు తేటగానే ఉండేవి, తేడా అంతా నాలుక మీదే. ఎన్నిసార్లు జాడించినా చివరి నీళ్ళు జారుతూ, ఆఖర్న చురుక్కుమనేవి. అత్త సబ్బు తగ్గించింది, పొడి మార్చింది, తొట్లు ఇటుకపొడితో తోమించింది. ఆఖరికి ఒకరోజు ఇంకా ఏ తొట్లోనూ పోయకముందే, అప్పుడే బావిలోంచి తోడిన నీళ్ళు నోట్లో పోసుకుంది. అవీ చురుక్కుమన్నాయి. ఆ రోజు నుంచి చంటిగుడ్డల వరకు వీధి కుళాయి నీళ్ళు మోయించింది. కుళాయి సంగతి మీకు తెలిసిందే, దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది.

అలాంటి రోజుల్లో ఆమె కోడలు ప్రసవించింది. ఆడపిల్ల. ముందు రోజు కుళాయి రాలేదు, ఆసుపత్రి వాళ్ళేమో గుడ్డలు అయిపోయాయని మనిషి మీద మనిషిని పంపించారు. అత్త బావి నీళ్ళతోనే జాడించి పంపింది. ఆ మూటలోంచి తీసిన గుడ్డలోనే ఆమె మనవరాలిని చుట్టారు. ఇంటికి తెచ్చేసరికి పిల్ల వీపు కందిపోయి ఉంది. తర్వాత పొక్కులు లేచి, చర్మం ఊడింది. పడుకోబెడితే ఏడుపు, ఎత్తుకుంటే ఏడుపు. ఆ వార్డులో మరికొందరు పిల్లలకూ అలాగే అయింది.

ఆసుపత్రి హెడ్ నర్సమ్మ అత్తను పిలిపించి వార్డు మధ్యలో నిలబెట్టింది. చవకబారు సోడా వాడుతున్నావు, సరిగ్గా జాడించడం లేదు, పసిపిల్లల ఒంటి మీద కూడా కక్కుర్తేనా అని బాలింతలందరూ వింటుండగా అడిగింది. చివరి నీళ్ళు నోట్లో పోసుకొని చూసే మనిషిని పట్టుకొని అన్న మాట అది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. సోడా కాదు, బావి నీళ్ళే చెడ్డాయని అత్త చెప్పింది.

"పని చెడగొట్టినవాళ్ళందరూ నీళ్ళనే అంటారమ్మా. ఆ మాట గవర్నమెంటు వాళ్ళ చేత చెప్పించు, అప్పుడు నమ్ముతా" అంది నర్సమ్మ.

చంటిగుడ్డల మూట ఆ రోజే ఆగిపోయింది. దుప్పట్లు కూడా త్వరలోనే వేరే చోటికి ఇస్తామన్నారు. అత్త బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆమె కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు, పనిలో ఎప్పుడూ నిలబడే ఉంటుంది. మూట పోయినందుకు కాదు ఆ కూర్చోవడం. తన చేత్తో ఉతికిన గుడ్డే తన మనవరాలి వీపు కాల్చింది, ఊళ్ళో వాళ్ళు దాన్ని తన కక్కుర్తి అనుకుంటున్నారు. ఆ మచ్చ తుడుచుకోవాలంటే ఏదో ఒక ఆఫీసు వచ్చి నీళ్ళు చెడ్డవని చెప్పాలి. ఆమెకు కావలసింది అంతే.

మాకు అందుబాటులో రెండు ఆఫీసులున్నాయి. గాలీ నీరూ చూసుకోవడానికి రాష్ట్రం పెట్టింది ఒకటి, కేంద్రం పెట్టింది ఒకటి. ఒకటి ఉంటేనే గొప్ప అనుకునే చోట రెండున్నాయి కదా అని మేం సంబరపడ్డాం. మా అమాయకత్వానికి నాకే నవ్వొస్తుంది.

ముందు రాష్ట్రం ఆఫీసుకు వెళ్ళాం. పాత మేడ, మెట్ల మీద విరిగిన కుర్చీలు, లోపలి గోడకు జలపాతం బొమ్మ. అక్కడి ఇంజనీరును మేం రాష్ట్రం సారు అనేవాళ్ళం. నెమ్మదైన మనిషి, మాటకు ముందు అమ్మా, మాట చివర అమ్మా. మీ బావి నదిగట్టుకు దగ్గర, ఆ నది రెండు రాష్ట్రాల మధ్య పారుతుంది, కాబట్టి అది కేంద్రం వాళ్ళ పరిధి అన్నాడు. అత్త సంచిలోంచి బావి నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఒక్క గుక్క నోట్లో పోసుకోమంది, మింగక్కర్లేదు, ఉమ్మేయండి అంది. సారు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

కేంద్రం ఆఫీసు ఊరి రెండో చివర, అద్దాల మేడలో ఉంది. గోడ మీద అదే జలపాతం. ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది ఆ ఒక్క జలపాతాన్నే కాబోలు. అక్కడ ఉన్నది వయసులో చిన్నది, చురుకైన మనిషి, మేం కేంద్రం మేడమ్ అనుకునేవాళ్ళం. కాలువ, బావి రాష్ట్రానివి, నది మాత్రమే మాది, నదిలో కలిసే చోట నీళ్ళు తీస్తే పలచబడిపోయి ఏమీ తేలదు అంది. అయితే పలచబడకముందే తియ్యండి అంది అత్త. అక్కడ నాకు పరిధి లేదంది మేడమ్. ఆవిడా సీసా ముట్టుకోలేదు.

కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి. మళ్ళీ సారు, మళ్ళీ మేడమ్. ఊరికి ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి అత్త చెప్పులు అరిగాయి, నా ఇస్త్రీ పెట్టె చల్లబడింది, పిల్ల మాత్రం ఇంకా వీపు ఆనించి పడుకోలేకపోతోంది. రెండు ఆఫీసులూ కలిసి పనిచేయడానికి ఒక ఉమ్మడి సంఘం ఉందని సారు దగ్గరి ప్యూను చెప్పాడు. మరి ఏం చేస్తోందని అడిగాను. సమావేశానికి ఎవరి గుమ్మంలోకి ఎవరు రావాలో తేలక అది ఇంతవరకు కూర్చోనే లేదట. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటే ఇదే.

అత్త పోరు పడలేక ఆఖరికి సారు తనిఖీకి ఒప్పుకున్నాడు. ఒప్పుకొని ఏం చేశాడో వినండి. పద్ధతి ప్రకారం ఫలానా రోజు ఫలానా వేళకు వస్తున్నామని మిల్లుకు కబురు పంపాడు. మర్యాద ప్రకారం అదే కబురు కేంద్రం ఆఫీసుకూ పంపాడు. మేడమ్ తన వంతు మర్యాదగా, మిల్లు వాళ్ళు దగ్గరుండి సహకరించాలని తానూ మిల్లుకు చెప్పింది. ఒక్క దొంగకు రెండు వైపుల నుంచీ తలుపు తట్టి, వస్తున్నాం నాయనా అని చెప్పి మరీ వచ్చారు. ఆ ముందు రోజు నుంచే మిల్లు మనుషులు గొట్టాలు పెట్టి కాలువ కడిగారు. తనిఖీ నాడు పైపులోంచి కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు పడ్డాయి. సారు సీసా నింపుకొని వెళ్ళాడు, మేడమ్ రానే లేదు. బావి చూడండని అత్త బతిమాలితే, కాలువ బాగుంటే బావి కూడా బాగున్నట్టేనమ్మా అన్నాడు.

దోషం ఏమీ లేదని తేలిందని మిల్లు వాళ్ళు ఊరంతా చాటుకున్నారు. అది హెడ్ నర్సమ్మ చెవిన పడింది. గవర్నమెంటు వాళ్ళే నీళ్ళు బాగున్నాయన్నారు, ఇప్పుడేమంటావని సందులో ఎదురైనప్పుడు అత్తను అడిగింది. దుప్పట్ల మూటకు ఇదే ఆఖరి వారమని కూడా చెప్పింది. అత్త తిట్టకుండా షెడ్డు వైపు నడిచింది. ఆమె తిట్టకపోతే నాకు భయం వేస్తుంది.

ఆ సాయంత్రం నేను ఇస్త్రీ చేస్తుంటే వచ్చి బల్లకు ఆనుకుంది.

"వీళ్ళకి నీళ్ళ మీద ధ్యాస లేదే. ఉన్న ధ్యాసంతా ఒకళ్ళ మీద ఒకళ్ళకే" అంది.

నేనూ గమనించాను. కాలువ మీ పరిధేనని మేడమ్ అంటున్నారని చెబితే చాలు, ఆవిడెవరు నాకు చెప్పడానికని ఆ నెమ్మదైన సారు కూడా ఎర్రబడేవాడు. సారు పేరెత్తితే మేడమ్ చేతిలో కలం బల్ల మీద పడేది. అప్పుడు అత్త తన తోడికోడలి సంగతి ఎత్తింది. పెళ్ళయిన కొత్తలో ఆమెకూ తోడికోడలికీ మాటల్లేవట. ఒకరు ముట్టిన పని ఇంకొకరు ముట్టేవాళ్ళు కాదు. వాళ్ళ అత్తగారు ఇద్దరిలో ఎవరినీ ఇది చెయ్యమని ఎన్నడూ అడగలేదట. వంటింట్లోకి వెళ్ళి, నీ తోడికోడలు అప్పుడే పప్పు నానబోసిందే అని ఈమె చెవిన వేసేది, పెరట్లోకి వెళ్ళి అదే మాట ఆవిడ చెవిన వేసేది. ఇద్దరూ పరుగున వచ్చి రోలు దగ్గర కలుసుకునేవాళ్ళు. ఇల్లు అలా గడిచింది.

"అబద్ధమాడతావా అత్తా?" అన్నాను. పిల్లల ముందు కూడా ఉత్తుత్తి మాట చెప్పని మనిషి.

"నా చేత ఆడిస్తున్నారు" అంది.

మిల్లు రంగు తొట్లు కడిగేది ఆదివారం పొద్దున. ఆ పూట ఆఫీసులు మూసి ఉంటాయని వాళ్ళ ధీమా. అందుకని శనివారం, కబుర్లూ మర్యాదలూ నడవడానికి వేళ లేకుండా, ఆఫీసు మూసే ముందు వెళ్ళాం. అత్త సారు గుమ్మంలో నిలబడి, లోపలికైనా అడుగు పెట్టకుండా, రేపు పొద్దున కేంద్రం మేడమ్ సీసాలు పట్టుకొని మిల్లు పైపు దగ్గరికి వస్తున్నారట, మీకు చెప్పే ఉంటారులెండి అని వెనుదిరిగింది. ఆటో ఎక్కి ఊరి రెండో చివరికి వెళ్ళి, మేడమ్ కారెక్కబోతుంటే సారు గురించి అదే మాట చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె తల పైకెత్తలేదు. మేడమ్ అది తన పట్ల గౌరవమనుకుంది.

మర్నాడు పొద్దున్నే మేమిద్దరం కాలువగట్టు ముళ్ళపొదల్లో నడిచి మిల్లు వెనక్కి వెళ్ళాం. అత్త కొంగులో చంటిగుడ్డ ఒకటి ముడేసుకొని వచ్చింది. పైపులోంచి చిక్కటి ఎరుపు నీళ్ళు ఆవిరి కక్కుతూ పడుతున్నాయి, కాలువ నిండా నురుగు. కాసేపటికి సారు స్కూటరు మీద వచ్చాడు, వెనక ఐసు పెట్టె కట్టుకొని, ఇంట్లో వేసుకునే చొక్కాతో. ఆయన ఇంకా స్టాండు వేస్తుండగానే మేడమ్ కారు వచ్చి ఆగింది. డ్రైవరు లేడు, ఆవిడే నడుపుకొని వచ్చింది.

"చెప్పకుండానే వచ్చారన్నమాట" అన్నాడు సారు.

"మీరూ చెప్పలేదు కదా" అంది మేడమ్.

అత్త ఆడిన అబద్ధానికి ఇద్దరూ ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నారు. తర్వాత మొదలైంది అసలు సంబడం. ముందు ఎవరి సీసా పట్టాలి? గట్టు రాష్ట్రానిది కాబట్టి నాదే ముందని సారు. ఈ నీళ్ళు నదికే పోతున్నాయి కాబట్టి నేను లేకుండా తీసింది చెల్లదని మేడమ్. మీ ల్యాబు ఎక్కడో ఉంది, అక్కడికి చేరేసరికి శాంపిలు పాడవుతుందని సారు. మీ ల్యాబు ఇక్కడే ఉన్నా కబురు లేకుండా మిల్లు లోపలికి వెళ్ళే అధికారం మీకు లేదుగా అని మేడమ్. మిల్లు కాపలావాడు మమ్మల్ని చూసి లోపలికి పరిగెత్తాడు. ఇంకాస్త ఆగితే పైపు కట్టేస్తారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

అత్త కొంగు ముడి విప్పి కాలువలోకి దిగింది. ఆ గుడ్డను పైపు కింద పట్టింది. నీళ్ళు వేడిగా ఉన్నాయని ఆమె మొహం చూస్తే తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం తీయలేదు. గట్టెక్కి, ఎర్రగా కారుతున్న గుడ్డను వాళ్ళిద్దరి మధ్యా పట్టుకొని నిలబడింది.

"ఇది నా మనవరాలిని చుట్టిన గుడ్డ. దీన్ని ఎవరి పరిధిలో ఆరెయ్యమంటారు?"

సారు వంగి సీసా పట్టాడు. మేడమ్ పక్కనే వంగి తన సీసా పట్టింది. ఒకరి సీసాకు ఇంకొకరు సీలు వేసి సంతకం పెట్టారు. ఇంతలో మిల్లు మేనేజరు వచ్చాడు. కబురు లేకుండా లోపలికి రాకూడదన్నాడు. సారు ఆగిపోయాడు, ఆయన రూలు అంతే. మేడమ్ ఆగలేదు, నదికి ముప్పుందనిపిస్తే ఆవిడకు కబురు అక్కర్లేదు. గేటు దాటి ఆవిడ వెనక్కి తిరిగి, రండి సార్, నాతో పాటే రండి అంది. ఆ ఒక్క మాట కోసం మేం అన్నాళ్ళు ఊరికి అడ్డంగా తిరిగాం.

లోపల నీళ్ళు శుభ్రం చేసే ట్యాంకు ఎండిపోయి ఉంది. మోటారు మీద సాలెగూళ్ళు. దాన్ని తప్పించి ఒక పైపు నేరుగా కాలువలోకి వేశారు. తనిఖీ నాడు మాత్రం రంగునీళ్ళు ఆపి, అందులోంచి మంచినీళ్ళు వదిలారట. సారు ఆ పూటే వెళ్ళి ల్యాబు తాళం తీయించాడు. మేడమ్ పరీక్ష అయ్యేదాకా ఆ ల్యాబులోనే కూర్చుంది. మా బావి నీళ్ళు కూడా అప్పుడే పరీక్షించారు. కాలువలో ఉన్న కాస్టిక్ సోడానే మట్టిలోంచి ఇంకి బావిలోకి దిగింది.

ఆ తర్వాత జరిగింది చూసి నాకు సంతోషం కాలేదు, ఇంకా మండింది. ఎందుకంటే ఎంత తేలిగ్గా జరిగిందో చూశాను కాబట్టి. మిల్లుకు అనుమతి ఇచ్చింది రాష్ట్రం, సారు దాన్ని ఆపేశాడు. మిల్లు వాళ్ళు పైవాళ్ళను పట్టుకొని ఆ ఉత్తర్వు తప్పించుకోబోతే, మేడమ్ నది పేరు చెప్పి అడ్డం పడింది. ఒకరు సడలిస్తే ఇంకొకరు బిగించారు. ట్యాంకు బాగుచేసేదాకా మిల్లు నడవలేదు. నడిచే ముందు పైపు మూతి దగ్గర ఒక మీటరు పెట్టించారు, నీళ్ళు చెడితే రెండు ఆఫీసుల్లోనూ ఒకేసారి తెలుస్తుంది. మా బావికి వలేసి, ఈ నీరు వాడరాదని బోర్డు కట్టారు, కింద రెండు ఆఫీసుల పేర్లూ పక్కపక్కన. బాగయ్యేదాకా మాకు ట్యాంకరు నీళ్ళు పంపించారు, ఆ ఖర్చు మిల్లు నెత్తిన వేశారు. ఇంత చేతనైనవాళ్ళు అప్పటిదాకా ఏం చేశారు? వాళ్ళకు చట్టం లేదా, ల్యాబు లేదా, కారు లేదా? అన్నీ ఉన్నాయి. ఒక్క గుమ్మం దాటడానికి మనసు లేదు. తిలాపాపం తలా పిడికెడని పంచుకుంటే, ఆ పిడికెడు వచ్చి పిల్ల వీపు మీద పడింది.

హెడ్ నర్సమ్మ బోర్డు చూడటానికి తానే వచ్చింది. చదివి, నీళ్ళదని నాకేం తెలుసమ్మా అంది.

"నేను చెప్పాను కదా" అంది అత్త.

నర్సమ్మ వెళ్ళిపోయింది. మర్నాడు రెండు మూటలూ వచ్చాయి. చంటిగుడ్డల మూట ఆవిడే మోసుకొచ్చి గడప లోపల పెట్టింది. వార్డు మధ్యలో అన్న మాటను వార్డు మధ్యలో వెనక్కి తీసుకుందా అంటే, లేదు. అత్త అది అడగలేదు. ఆమె అడగని బాకీ నేను మర్చిపోను.

రెండు వానాకాలాలు పోయాక బావి బాగయింది. వల తీయడానికి సారూ మేడమూ కలిసే వచ్చారు. వచ్చి, ఊళ్ళో పెద్ద హాల్లో సభ పెడుతున్నాం, నువ్వు తప్పకుండా రావాలన్నారు. రాష్ట్రం, కేంద్రం చేయీ చేయీ కలిపితే ఎలాంటి ఫలితాలు వస్తాయో చెప్పే సభట. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడం విన్నాం గానీ, ఆ మొరుగుడుకు సన్మానం చేసుకోవడం అప్పుడే చూశాను. వెళ్ళొద్దన్నాను. అత్త చీర మార్చుకుంది.

హాల్లో గోడ నిండా వాళ్ళిద్దరి ఫొటో, వెనక మళ్ళీ ఆ జలపాతమే. పైఆఫీసుల పెద్దలు వచ్చారు. పక్కన కూర్చున్న ప్యూను చెప్పాడు, ఉమ్మడి సంఘం ఇప్పుడు నెలనెలా కూర్చుంటోందట, ఒకసారి ఈ గుమ్మంలో, ఒకసారి ఆ గుమ్మంలో. మొదట సారు మాట్లాడాడు. మా కేంద్రం సహోద్యోగి ఆ ఆదివారం తెల్లవారకముందే బయల్దేరారని తెలిసి నేనూ ఆగలేకపోయానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మేడమ్ లేచింది. నిజానికి ముందు బయల్దేరింది సారే, ఆయన వస్తున్నారని తెలిసి నేను వెళ్ళానంది. అదీ మర్యాదకు అంటోందనుకొని మళ్ళీ చప్పట్లు కొట్టారు. సారు మాత్రం కొట్టలేదు. ఆయన మేడమ్ వైపు చూశాడు, మేడమ్ ఆయన వైపు చూసింది, తర్వాత ఇద్దరూ నెమ్మదిగా మొదటి వరసలో కూర్చున్న మా అత్త వైపు తిరిగారు.

అప్పుడే ఆమెను వేదిక మీదికి పిలిచారు. చేతిలో ఒక మెరిసే జ్ఞాపిక పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పమ్మా అన్నారు. అత్త జ్ఞాపికను పక్కనున్న బల్ల మీద పెట్టి, మైకు ముందుకు వచ్చింది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు.

"నిజం మోసుకొని మీ గుమ్మాల చుట్టూ తిరిగినన్నాళ్ళూ ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. ఒక్క అబద్ధం ఆడాను, ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఇంకోసారి నా చేత అబద్ధం ఆడించకండి."

చప్పట్లు కొట్టాలో వద్దో పెద్దలకు తెలియలేదు. మేడమ్ తల దించుకుంది. సారు మొహం ఎర్రబడింది, ఈసారి మేడమ్ మీద కాదు. అత్త మెట్లు దిగి నా దగ్గరికి వచ్చి, దండెం మీద గుడ్డలున్నాయి, పద అంది. జ్ఞాపిక అక్కడే ఉండిపోయింది.

మేం వచ్చేసరికి కోడలు పిల్లను తీసుకొని షెడ్డుకు వచ్చి ఉంది. పిల్ల ఇప్పుడు నడుస్తుంది, మాటలూ వచ్చాయి. గౌను వెనక బొత్తాం ఊడితే వీపు మీద అరచెయ్యంత మచ్చ కనిపిస్తుంది, అది అలాగే ఉంటుందని డాక్టరు చెప్పాడు. అత్త ఆ బొత్తాం పెట్టి, తొట్టి దగ్గరికి వెళ్ళి, బావి నీళ్ళలో చంటిగుడ్డలు జాడించింది. చివరి నీళ్ళు దోసిట్లోకి తీసుకొని నోట్లో పోసుకుంది. చాలాసేపు అలాగే పట్టుకొని ఉంది. తర్వాత ఉమ్మేసి, నన్ను పిండమంది.